టార్చిలైటు పేలలేదు

నా కుడి తొడను మా ఆయన కాల్చలేదు. అన్నిటికంటే ముందు ఈ మాట రాసిపెడుతున్నాను. ఇబ్రహీంపట్నంలో నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఆడవాళ్లు ఇప్పటికీ కొలతలిస్తూ ఒకసారి నా కాలు వైపు, ఒకసారి నా మొహం వైపు చూస్తారు. తర్వాత గొంతు తగ్గించి "ఇప్పుడు మంచిగుంటుండా?" అని అడుగుతారు. ఎవరి గురించో నాకు తెలుసు. "టైలర్ సునీతను మొగుడు కాల్చిండట" అనే మాట బస్టాండు దాకా పోయి తిరిగి నా కొట్టుకే వచ్చింది. వచ్చినవాళ్లందరికీ మొదటి నుంచి చెప్పుకురావడం నా వల్ల కాదు. అందుకే రాస్తున్నాను. నన్ను కాల్చిన బ్యాటరీ లాంటివి ఇంట్లో ఉన్నవాళ్లు ఎవరైనా చదివి ఒక్కసారి సొరుగు తీసి చూసుకుంటే అదీ మంచిదే.

మార్చి

ఆదివారం చర్చి నుంచి రాగానే బట్టలు నానబెట్టడం నాకు అలవాటు. జేబులు వెతక్కుండా నానబెడితే మా ఆయన ఆనంద్ ప్యాంటులోంచి బిల్లులు, నోట్లు ముద్దముద్దగా వస్తాయి. అందుకని దొరికినదంతా తీసి నా నైటీ జేబులో వేసుకుంటాను. టైలర్ని కదా, నా నైటీలకు సంచీలంత జేబులు నేనే కుట్టుకుంటాను.

ఆ రోజు దొరికినవి బండి తాళాలు, కాస్త చిల్లర, ఒక బ్యాటరీ. బొటనవేలి కంటే కొంచెం పెద్దది. పైన ప్లాస్టిక్ తొడుగు ఒకచోట చిరిగి లోపలి ఇనుము కనిపిస్తోంది. వెచ్చగా ఉంటే ఒంటి వేడి అనుకున్నాను, అప్పుడే విడిచిన ప్యాంటు కదా. అన్నీ కలిపి జేబులో వేసుకుని బకెట్ దగ్గర వంగాను.

తొడ మీద చురుక్కుమంది. చెయ్యి పెట్టేలోపే కుక్కరు విజిల్ లాంటి చప్పుడు, వెంటనే మంట. నైటీ కరిగి చర్మానికి అతుక్కుపోయింది. ఆనంద్ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి బకెట్ నీళ్లు నా మీద కుమ్మరించి, గుడ్డ చింపి అవతల పారేశాడు. గుమ్మంలో మా పాప జెస్సీ నిలబడి ఉంది. నాలుగో తరగతి. ఆ పిల్ల కళ్లు మాత్రం బాగా గుర్తున్నాయి.

ఇక్కడి దవాఖానలో కట్టు కట్టి పట్నంలోని పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. అంబులెన్సులో ఆనంద్ నా చెవి దగ్గర ఏడ్చాడు.

"అది నా వేప్ బ్యాటరీ, సునీ. నన్ను మాఫ్ చెయ్."

సిగరెట్టుకు బదులు నోట్లో పెట్టుకుని ఆవిరి పీల్చే చిన్న మిషనును వేప్ అంటారని నాకు తెలిసింది అప్పుడే. మా ఆయన మహేశ్వరం వైపు ఒక వెంచర్‌లో ప్లాట్లు చూపిస్తాడు. అక్కడి స్నేహితుడెవరో ఇచ్చాడట. సంక్రాంతి కూడా కాకముందే మా పడకగదిలో మామిడిపండు వాసన ఎందుకొచ్చేదో కూడా అప్పుడే అర్థమైంది. నేను అగరుబత్తి అనుకున్నాను. నా తెలివికి నాకే నవ్వొచ్చేది, కాలు అలా మండకుండా ఉంటే.

"అమ్మకు చెప్పకు. చర్చిల సాక్ష్యం చెప్పిన గదా" అన్నాడు.

అదీ సంగతి. అంతకుముందు ఏడాది ఆనంద్ ఆరాధనలో అందరి ముందు లేచి నిలబడి, సిగరెట్టు మానేశాను, దేవునికి స్తోత్రం అని సాక్ష్యం చెప్పాడు. మా చర్చిలో సాక్ష్యం చెప్పిన మాటంటే రాతిమీద గీత. మా అత్తమ్మ ఆ రోజు సంతోషంతో ఏడ్చి, వారం పాటు వాడకట్టంతా అదే చెప్పుకుంది. ఆయన సిగరెట్టు మానిన మాట నిజమే. దాని బదులు ఇది పట్టాడు.

కాలిన ఆడమనిషి దవాఖానకు వస్తే పోలీసులకు చెప్పాలట. సాయంత్రానికి ఒక లేడీ కానిస్టేబుల్ వచ్చింది. నేను నొప్పి మందు మత్తులో ఉన్నాను. "ఎట్లయింది?" అని ఆమె అడిగిందో లేదో, ఆనంద్ నా కంటే ముందే అందుకున్నాడు.

"టార్చిలైటు బ్యాటరీ పేలింది మేడం."

ఆమె రాసుకుంది. రాసుకుంటూ ఆయన చేతుల వైపు చూసింది. ఆ చూపు చాలు, మాకేం రాసిపెట్టి ఉందో నాకు తెలిసి ఉండాల్సింది.

ఏప్రిల్

మా అమ్మది కోహెడ. విషయం తెలియగానే కట్టుబట్టలతో వచ్చింది. నాకు బట్టలు తేవడానికి మా ఇంటికి వెళ్లి, మర్నాడు సంచితో వార్డుకొచ్చింది. సంచిలోంచి మొదట చీర తీసింది. తర్వాత టార్చిలైటు తీసింది. మంచం పక్కన నిలబడి బటన్ నొక్కింది. పట్టపగలు నా మొహం మీద వెలుగు పడింది.

"గిదేనా పేలింది?" అంది.

మా ఇంట్లో ఉన్నది ఒకటే టార్చి. అమ్మకు తెలుసు, కొనిపెట్టింది తనే.

ఆనంద్ బయట మందుల కోసం పోయాడు. ఇక దాచి లాభం లేదని ఉన్నదున్నట్టు అమ్మకు చెప్పేశాను. పొగ మిషను, దాని బ్యాటరీ, తాళాలు, నైటీ జేబు, అన్నీ. అమ్మ చివరిదాకా విని నా తల నిమిరింది.

"నిన్న టార్చిలైటు, ఇయ్యాల పొగ మిషను. రేపేం చెప్తవ్ బిడ్డా?"

"నిజంగనే అమ్మా, ఒట్టు."

"సరే. గా మిషను ఏది? చూపియ్ మరి."

ఎక్కడుంది చూపించడానికి? భయపడి నేను కాలిన రోజే ఆనంద్ దాన్ని మోరీలో పారేశాడు. మన దేశంలో వాటిని అమ్మడమే నిషేధం, పోలీసులు చూస్తే ఇంకో కేసని ఆయన భయం. అప్పుడే మా అత్తమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. వెనకే ఆనంద్. మా అమ్మ తిన్నగా ఆయన్నే అడిగింది.

"అల్లుడా, నువ్వు ఏమన్న పొగ తాగుతున్నవా?"

ఆనంద్ వాళ్లమ్మ వైపు చూశాడు. ఆమె డబ్బా మూత తీయబోయి ఆగిపోయింది.

"నేనెప్పుడో మానేసిన అత్తమ్మా. మీకు తెల్వదా?" అన్నాడు.

కాలిన నొప్పి ఒక రకం. ఇది ఇంకో రకం. ఆ ఒక్క మాటతో నేను అబద్ధాలకోరునైపోయాను, ఆయన పెళ్లాన్ని కాల్చినవాడైపోయాడు. ఆ మాట వెనక్కి తీసుకోవాల్సింది ఆయనే, ఆయన నోటితోనే. నేనెన్ని చెప్పినా లెక్కలోకి రాదు.

పుండు తేలిగ్గా మానేది కాదన్నారు. ఎడమ తొడ నుంచి చర్మం తీసి కుడి తొడకు అతికారు. బాగున్న కాలు కూడా పోయింది. రెండు కాళ్లూ బిర్రబిగుసుకుని పడుకుంటే పక్కకు ఒత్తిగిల్లడానికి కూడా ఎవరో ఒకరు రావాలి. కట్టు మార్చే రోజు సిస్టర్ ట్రే చప్పుడు వినిపిస్తే చాలు, వార్డంతా నిశ్శబ్దం అయిపోయేది. ఎవరి వంతో అని అందరం గోడకేసి చూసేవాళ్లం.

పక్క మంచం దగ్గర ఒక ముసలమ్మ ఉండేది, కోడలికి తోడుగా వచ్చింది. ఎవరూ అడక్కుండానే పొద్దున్నే వచ్చి నా తల దువ్వి జడ వేసేది. చిక్కు తీసేటప్పుడు కుదుళ్లు గట్టిగా పట్టుకునేది, లాగినట్టు తెలియకుండా. ఆ చేతులకు దండం పెట్టాలి. కానీ జడ అయిపోగానే చెవిలో చెప్పేది, "మొగోళ్లంతా అంతే బిడ్డా. పిల్ల మొహం చూసి బతుకు."

"మా ఆయన కాదు అవ్వా."

"అవ్ బిడ్డా, అవ్" అనేది. నేను కాదన్నకొద్దీ అందరికీ అవునని గట్టిపడేది. డ్యూటీ డాక్టరు కూడా బ్యాటరీ కాలిన గాయంలాగే ఉందని మా అమ్మకు చెప్పాడు. "ఆయనకెంత ముట్టిందో" అంది అమ్మ.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండింది ఎక్కడంటే, మొగుణ్ణి తిట్టుకునే స్వేచ్ఛ కూడా పోయింది. నేను ఊరికే ఊరుకునే మనిషిని కాను. కూరలో ఉప్పెక్కువైందని ఆయనంటే, వండుకో పో అనే రకం. ఇంత జరిగాక ఆయన చొక్కా పట్టుకుని నాలుగు కడిగేయాలని ఉంది. కానీ నేను గొంతు పెంచితే చాలు, వార్డులో తలలన్నీ ఇటు తిరుగుతాయి. చూసిండ్రా, బయటపడ్డది, అంటారు. కాబట్టి ఆయన వస్తే నవ్వాలి. ఆయన నీళ్లు తాగిస్తే తాగాలి. కాల్చినవాడు కాదని నిరూపించడానికి, కాలడానికి కారణమైనవాడితో నేను ముద్దుగా ఉండాలి.

మే

ఇంటికి వచ్చాను. ఎండలు. రేకుల గదిలో ఫ్యాను కింద రెండు కాళ్లూ చాపుకుని పడుకోవడమే. పక్క గదిలోనే నా కుట్టు మిషను ఉంది. తొక్కడానికి కాళ్లు లేవు. పెళ్లిళ్ల సీజను బ్లౌజులన్నీ మూటకట్టి వెనక్కి ఇచ్చేశాం.

అమ్మ మాత్రం కోహెడకు పోలేదు. కేసు పెడదాం, నాతో వచ్చెయ్ అంది. నేను రానన్నాను. అయితే నేనే ఇక్కడుంటానంది. అప్పటి నుంచి నా గదికి కాపలా మొదలైంది. చాప నా గది గుమ్మానికి అడ్డంగా వేసుకునేది. అగ్గిపెట్టె, గ్యాసు లైటరు కొంగున కట్టుకునేది. మా అత్తమ్మ టీ పెట్టుకోవాలన్నా మా అమ్మను అడగాలి. ఆనంద్ లోపలికొస్తే అమ్మ కూడా వచ్చి మంచం కాళ్లవైపు కూర్చునేది. ఆయన వెళ్లేదాకా రెప్పవేసేది కాదు. జెస్సీని స్కూలు సెలవుల్లో ఆడుకోవడానికి కూడా పంపేది కాదు, పక్కనే కూర్చోబెట్టుకునేది. మా అత్తమ్మ ముఖం మాడ్చుకుని తిరిగేది. తన కొడుకు దేవుని బిడ్డ అనీ, కోడలే ఏదో దాస్తోందనీ ఆమె నమ్మకం.

చివరికి మొగుడూ పెళ్లాలం ఫోనులో మెసేజులు పెట్టుకోవడం మొదలుపెట్టాం. ఆయన వరండాలో, నేను మంచంలో, మధ్యలో చాప మీద మా అమ్మ. అమ్మకు చదువు రాదు కాబట్టి తిట్లన్నీ టైపు చేశాను. అంత టైపింగ్ నేను జన్మలో చెయ్యలేదు. తిట్టడం అయిపోయాక అసలు ఏం జరిగిందో ఒక్కొక్కటీ అడిగాను. ఆయనా దాచకుండా చెప్పాడు.

మిషనుతో వచ్చిన బ్యాటరీ పాడైంది. అది దొంగచాటు సరుకు, ఏ కొట్టుకు పోయి సరైనది ఇవ్వమని అడుగుతాడు? పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పితే లోపల సెల్లులుంటాయని ఎవరో చెప్పి రెండు ఇచ్చారు. పొడవు సరిపోయింది. లావు సరిపోలేదు, వెంట్రుక వాసి సన్నం. లోపల లొడలొడలాడింది. మనం టీవీ రిమోట్‌లో, టార్చిలో సెల్లు వదులైతే ఏం చేస్తాం? బిస్కెట్ ప్యాకెట్ వెండికాగితం మడిచి దూర్చుతాం. ఈయనా అదే చేశాడు. రోజూ తీసి పెట్టడంలో ఆ మడత అంచుకు గీసుకుని పైతొడుగు చిరిగింది. ఆ ఆదివారం మిషను వేడెక్కుతోందని సెల్లు తీసి జేబులో వేసుకున్నాడు. మిగిలినది నా చేతుల మీదుగా జరిగింది.

"లూజుంటే కాగితం పెడతరు గదా అందరు" అని రాశాడు.

"నేను పావు ఇంచు లూజైన బ్లౌజు ఇస్తే నా మొహాన కొడతరు. నువ్వు నిప్పుకు గుడ్డపీలిక చుట్టినవ్" అని రాశాను.

మంచంలో వేరే పనేముంది, ఫోనులో దొరికిందల్లా చదివాను. ఆ సెల్లు మన గోడగడియారం సెల్లు లాంటిది కాదు. పై బొడిపె ఒక్కటే ప్లస్, మిగతా ఒళ్లంతా మైనస్. రెంటికీ మధ్య అడ్డం ఆ పల్చని ప్లాస్టిక్ తొడుగే. అది చిరిగిన చోటికీ బొడిపెకూ కలిపి తాళం చెవి తగిలితే ఉన్న బలమంతా ఒక్కసారి బయటికొస్తుంది. చూడ్డానికి ఒకేలా ఉన్నంత మాత్రాన ఒకటి కాదు. పొడవు, లావు, ఎంత కరెంటు ఇవ్వగలదు అనేది మూడూ ఆ మిషనుకు సరిపోవాలి. ల్యాప్‌టాప్ సెల్లు మెల్లగా ఇవ్వడానికి చేసింది, దాన్ని ఒక్కసారిగా గుంజితే వేడెక్కుతుంది. తయారుచేసిన కంపెనీ చెప్పినదే వెయ్యాలి, దాని చార్జరుతోనే ఎక్కించాలి. విడిగా ఉంటే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి, జేబులో కాదు. తొడుగు చిరిగినా, ఉబ్బినా, వేడెక్కినా ఇక దాని పని అయిపోయినట్టే. వెండికాగితం ఎక్కడా దూర్చకూడదు. వేప్ సంగతైతే నేను చెప్పేది ఒక్కటే, ఆ పీడ ఇంట్లోకే రానివ్వకండి. కానీ పొలానికి పట్టుకుపోయే చార్జింగ్ టార్చిలో, మందు కొట్టే పంపులో, చేతిఫ్యానులో కూడా ఇలాంటి సెల్లులే ఉంటాయి. విప్పి మార్చేటప్పుడు నన్ను గుర్తు తెచ్చుకోండి.

ఇంత చదివీ, ఇంత తెలిసీ, అడుగు దూరంలో ఉన్న మా అమ్మను నమ్మించలేకపోయాను. ఫోను చూపిస్తే "గా ఫోన్ల ఏదన్న ఉంటది" అంది.

ఆనంద్‌కు రోజూ ఒకటే మెసేజు పెట్టేదాన్ని. చెప్తవా, లేదా? చదివినట్టు రెండు నీలం గీతలు పడేవి. జవాబు వచ్చేది కాదు.

జూన్

తొలకరి పడ్డాక పాస్టరయ్య మా ఇంట్లో ప్రార్థన పెట్టారు. నా మంచం చుట్టూ చాపలు వేశారు. పాటలయ్యాక ఒక్కొక్కరూ ప్రార్థన చేస్తున్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు, నేను తెరిచే ఉన్నాను. వెనక నుంచి ఒకామె గట్టిగా అందుకుంది.

"ప్రభువా, కట్టుకున్నదాని మీద చెయ్యెత్తే చెయ్యిని నువ్వే ఆపు తండ్రీ. గా మనసు మార్చు తండ్రీ."

అందరూ ఆమెన్ అన్నారు. మా అమ్మ అందరికంటే గట్టిగా అంది. మా అత్తమ్మ కూడా అంది. అది విని ఆనంద్ కళ్లు తెరిచాడు. తన తల్లి వైపు చూశాడు. ఆమె కళ్లు మూసుకునే ఉంది, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. కొడుకు దేవుని బిడ్డ అన్న ఆమె కూడా లోపల అదే అనుకుంటోందని ఆయనకు అప్పుడు తెలిసినట్టుంది.

లేచి బయటికి పోయాడు. పారిపోయాడనుకున్నాను. బండి డిక్కీ మూత పడిన చప్పుడైంది. తిరిగొచ్చి చాప మధ్యలో ఒక సెల్లు పెట్టాడు, పక్కన మడత పెట్టిన వెండికాగితం.

"గిసుంటిదే ఆమె జేబుల పేలింది. నాది. సిగరెట్టు మానిన గని ఇంకోటి పట్టుకున్న. సాక్ష్యం చెప్పినంక చెప్పనీకి సిగ్గయింది. సునీత మొదటి నుంచి నిజమే చెప్తుంది. అబద్ధం నాది."

అందరూ చాప అంచులకు జరిగారు. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "సాక్ష్యం గందరి ముంగట చెప్పినవ్ గదరా" అని మాత్రం అంది. మా అమ్మ దగ్గరగా వచ్చి వంగి, ముట్టుకోకుండా చాలాసేపు చూసింది.

"గింతదా?" అంది. తర్వాత ఆనంద్ వైపు తిరిగింది. "గింతదాని కోసం నా బిడ్డను అబద్ధాలదాన్ని చేసినవ్."

మర్నాడు పొద్దున కొంగు ముడి విప్పి అగ్గిపెట్టె, లైటరు పొయ్యి గట్టు మీద పెట్టింది. వారానికి కోహెడ బస్సెక్కింది. నేను గోడ పట్టుకుని నడుస్తున్నాను. ఆ రోజు సాయంత్రం ఆనంద్‌ను మనసారా, గొంతెత్తి తిట్టాను. ఎవరూ తలతిప్పి చూడలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇప్పుడు

మిషను తొక్కుతున్నాను. ఎక్కువసేపు కూర్చుంటే అతికిన చర్మం పట్టేస్తుంది, లేచి తిరిగి మళ్లీ కూర్చుంటాను. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం ఇంకా రావడం లేదు, వస్తుందంటున్నారు. ఇంట్లో అయినా ఆ అనుమానం ఇక అయిపోయిందనుకున్నాను.

మొన్న కాలికి నూనె రాసుకుని మంచంలో పడుకున్నాను. జెస్సీ పక్కన కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. ఆనంద్ వచ్చి, దవాఖానకు పోవాలి కదా, రేపు ఎన్నింటికి అని అడిగి వెళ్లాడు. పిల్ల పెన్సిల్ ఆపి ఆయన వెళ్లేదాకా చూసింది.

"మమ్మీ, రేపు నేను గూడ వస్త."

"స్కూలు లేదా?"

"నువ్వొక్కదానివే డాడీతోని పోవద్దు."

లేచి కూర్చుని, ప్రార్థన రోజు డాడీ అందరి ముందు చెప్పింది విన్నావు కదా అన్నాను. విన్నానంది. మరి?

"మొదలు టార్చిలైటు అన్నడు. మల్ల ఏం తాగుతలేనన్నడు. మల్ల బ్యాటరీ అన్నడు" అంది. పెన్సిల్ పుస్తకంలో పెట్టి, "నేను గుమ్మం కాడ్నే ఉన్న మమ్మీ. నీళ్లు పోస్తుంటే నువ్వే ఒర్లినవ్ గదా, నువ్వే కాల్చినవ్ నన్ను అని. డాడీతోనే అన్నవ్" అంది.

నాకు గుర్తులేదు. అని ఉంటాను. ఆ సెల్లు ఆయనదని మండుతున్నప్పుడే అర్థమైపోయి ఉంటుంది, కోపంతో అని ఉంటాను. ఇన్ని నెలలు పిల్ల ఆ మాట నోట్లోనే దాచుకుంది, పోలీసులకు చెప్పలేదు, అమ్మమ్మకు చెప్పలేదు, తండ్రిని పట్టుకుపోతారేమోనని. నేను దాని చెయ్యి పట్టుకుని అంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాను. బ్యాటరీ, తాళాలు, జేబు. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది. పిల్ల బుద్ధిగా చివరిదాకా విన్నది. అచ్చం వార్డులో వాళ్ల అమ్మమ్మ విన్నట్టే విన్నది. తర్వాత నా మోకాలి మీదికి దుప్పటి లాగి సర్దింది.

"సరే మమ్మీ, నమ్మినట్టే ఉంట. నువ్వు ఫికర్ చెయ్యకు."